అదును, పదును, దువా

పోయిన ఇత్వార్ పొద్దున మా ఇంట్లో నాష్తా దగ్గర చిన్న గొడవైంది. కంటి ఆపరేషన్ కోసం ఊరి నుంచి వచ్చిన అబ్బా ఇరవై రోజులుగా కొండాపూర్‌లో మా దగ్గరే ఉన్నారు. తాండూరు అవతల మాకు కొద్దిగా నల్లరేగడి ఉంది. కంది వేస్తాం, పత్తి వేస్తాం. శరీరం ఇక్కడున్నా అబ్బా జాన్ అక్కడే. ఎనిమిదో అంతస్తు బాల్కనీలో నిలబడి రోజూ మబ్బుల వైపు చూస్తుంటారు.

"బేటా, మిరుగం ఏ తారీఖుకు పడ్తది? జర చూసి చెప్పు" అని అడిగారు మా పెద్దోణ్ని. వాడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. జుమేరాత్ రాత్రుల్లో దర్స్‌కు పోతాడు. దీన్ మీద శ్రద్ధ ఉన్న పిల్లాడు, అల్‌హందులిల్లాహ్. ఫోన్ తీయకుండానే జవాబిచ్చాడు: "దాదా, చుక్కను బట్టి వాన పడ్తదనుకుంటే షిర్క్. సహీ హదీసుంది."

అబ్బా చేతిలో రొట్టె ముక్క అట్లనే ఆగిపోయింది. "డెబ్బై ఏండ్ల సంది నమాజ్ చదువుతున్న. ఇయ్యాల నాకు ఇమాన్ లేదంటవా బేటా?" అన్నారు. ఆ పూట మళ్లీ దస్తర్‌ఖాన్ దగ్గరికి రాలేదు.

ఇద్దరూ నావాళ్లే. ఇద్దరిలో ఎవరూ జాహిల్ కాదు. పల్లె నుంచి వచ్చి ఈ ఐటీ కారిడార్‌లో స్థిరపడ్డ మన ముసల్మాన్ కుటుంబాలు చాలావాటిలో ఈ గొడవ ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది. గోడ మీద ఒకవైపు ఉర్దూ జంత్రీ, ఒకవైపు తెలుగు పంచాంగం క్యాలెండర్ వేలాడిన ఇళ్లలో పుట్టినోళ్లం మనం. ఆ రెండో క్యాలెండర్ ఇప్పుడు తీసేయాలా, ఉంచాలా? నా రాయ్ ఏమిటో చెప్తాను. ముందు అసలు అబ్బా అడిగిందేమిటో చూద్దాం.

మిరుగం అంటే మృగశిర కార్తె. సూరజ్ ఏడాదంతా 27 నక్షత్రాల మీదుగా నడిచినట్టు మన పెద్దలు లెక్క కట్టారు. ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. మే చివరలో రోహిణి, జూన్ 8 దగ్గర మృగశిర, జూన్ 22 దగ్గర ఆరుద్ర, తర్వాత పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర. సెప్టెంబర్ చివర హస్త, అక్టోబర్‌లో చిత్త, నెలాఖరుకు స్వాతి. తిథులు చంద్రుణ్ని బట్టి మారుతుంటాయి గానీ కార్తె సూరజ్ లెక్క. అందుకే ఇంగ్లీషు తారీఖుకు ఒక రోజు అటూ ఇటూగా ఏటా అక్కడే వస్తుంది. మా పిల్లలు ఆఫీసుల్లో రెండు వారాల స్ప్రింట్ అంటుంటారు కదా, రైతుకు కార్తె అలాంటిదే. ఈ రెండు వారాల్లో చేయాల్సిన పనేదో, మించిపోతే ఏం నష్టమో అందులో ఉంటుంది.

ఒక్కో కార్తెకు ఒక్కో సామెత. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. చిత్త కురిస్తే చింతలు కాస్తాయంటారు. ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు. ఈ చివరిది వినడానికి నాలుగే మాటలు. ఉత్తర కార్తె కూడా ఎండిపోయిందంటే ఇక ఈ ఏడు పంట లేదు, సామాను గంపలో వేసుకుని వలస బయల్దేరు అని అర్థం. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అక్కడి నుంచి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దాకా లేచిన బంగళాల కోసం మట్టి తవ్వినవాళ్లలో, కాంక్రీటు మోసినవాళ్లలో పాలమూరు లేబర్ ఎంతమందో. అందులో మన బిరాదరీ వాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది ఉత్తర చూసి గంప ఎత్తినవాళ్లే. హైటెక్ సిటీకీ కార్తెలకూ ఏం తాల్లుఖ్ అనేవాళ్లు ఈ సంగతి మరవొద్దు.

ఇప్పుడు పెద్దోడు చెప్పిన హదీసు. అది ఉంది, సహీ బుఖారీలోనూ సహీ ముస్లింలోనూ ఉంది. జైద్ బిన్ ఖాలిద్ అల్ జుహనీ (రజి.) రివాయత్. హుదైబియా దగ్గర రాత్రి వాన కురిసింది. ఫజర్ నమాజ్ తర్వాత ప్రవక్త (స.అ.స.) సహాబాల వైపు తిరిగి, అల్లాహ్ ఏమన్నాడో చెప్పారు. అల్లాహ్ ఫజల్ వల్ల, ఆయన రహ్మత్ వల్ల వాన పడిందన్నవాడు మోమిన్‌గా తెల్లారాడు; ఫలానా చుక్క వల్ల పడిందన్నవాడు చుక్కను నమ్మి అల్లాహ్‌ను కాదన్నాడు. ఇందులో షక్ లేదు, రాజీ లేదు. వాన ఇచ్చేది చుక్క కాదు. మృగశిరకు ఒక చుక్క నీరు రాల్చే తాఖత్ లేదు. దాన్ని అబ్బా కూడా ఏనాడూ కాదనలేదు.

కానీ ఆ అరబ్బులు ఏ చుక్కల గురించి మాట్లాడేవాళ్లు? వాళ్లకూ మన కార్తెల్లాంటి లెక్కే ఉండేది. దాన్ని అన్వా అనేవాళ్లు. చంద్రుడి మంజిళ్లు 28. ఒక్కోదానికి 13 రోజులు, ఒక్కదానికి మాత్రం 14. అలా 365 రోజులు. ఒంటెలను ఎప్పుడు మేతకు తోలాలి, ఖర్జూరం ఎప్పుడు పండుతుంది, ఎడారిలో వాన ఏ రోజుల్లో రావచ్చు అన్నీ ఈ లెక్కలోనే. సూరహ్ యూనుస్‌లో, సూరహ్ యాసీన్‌లో చాంద్ మంజిళ్ల ప్రస్తావన ఉంది. సంవత్సరాల లెక్క, హిసాబ్ తెలుసుకోవడానికే వాటిని ఏర్పరిచినట్టు సూరహ్ యూనుస్ చెబుతుంది. అంటే హిసాబ్ హరామ్ కాదు. హిసాబ్‌ను ఖుదా చేయడం హరామ్.

సహాబాల జిందగీలో దీనికి మిసాల్ ఉంది. జైద్ బిన్ సాబిత్ (రజి.) తన తోట పండ్లను సురయ్యా చుక్కలు తూర్పున పొడిచేదాకా అమ్మేవారు కాదని అదే సహీ బుఖారీలో, వ్యాపారాల అధ్యాయంలో ఉంది. పచ్చగా పండేదేదో, ఎర్రగా పండేదేదో అప్పటికి తేలిపోయేది. తెగులు భయం తీరేది, కొన్నవాడు మోసపోయేవాడు కాదు. సురయ్యా అంటే ఎవరో కాదు, మన కృత్తిక. మన రైతు నోట్లో ఉన్న కృత్తికే మదీనా రైతు నోట్లోనూ ఉంది.

ఇంకో రివాయత్ ఇమామ్ షాఫయీ (రహ్.) తన కితాబుల్ ఉమ్మ్‌లో తెచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి.) జుమా రోజు మింబర్ మీద నుంచి, సురయ్యా గడువు ఇంకెంత మిగిలిందని అడిగారట. హజ్రత్ అబ్బాస్ (రజి.) లేచి లెక్క చెప్పారట. అప్పుడు ఖలీఫా దువా చేశారు, జనమంతా దువా చేశారు, వాన కురిసింది. ఇమామ్ సాహెబ్ అక్కడే తేల్చి చెప్పారు: ఫలానా చుక్క వేళలో వాన పడిందని, ఫలానా నెలలో పడిందన్నట్టుగా, ఎవరైనా అంటే అది కుఫ్ర్ కాదు. అయితే ఆ మాట వాడకపోవడమే తనకు ఇష్టమని కూడా అన్నారు. ఎంత ఎహ్తియాత్, ఎంత ఇన్సాఫ్! ఖలీఫా ముందు హిసాబ్ అడిగారు, తర్వాత చేతులెత్తారు. హిసాబ్ తెలిసినందుకు దువా మానలేదు. దువా ఉంది కదా అని హిసాబ్ వదల్లేదు.

నా అందాజ్ ఏమిటంటే, పంచాంగమనే ఆ ఒక్క పుస్తకంలో మూడు వేర్వేరు వస్తువులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది హిసాబ్: సూరజ్ ఎక్కడున్నాడు, ఏ కార్తె ఏ రోజు మొదలు. రెండోది తజుర్బా: ఏ కార్తెలో వాన పడితే ఏ పైరు బాగుంటుంది, ఎప్పుడు నాటు, ఎప్పుడు కలుపు. ఇది తరాల రైతుల చెమట. మూడోది నజూమ్: ఈ ఏడు మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు, ఏ రాశికి ఆదాయమెంత వ్యయమెంత, ఏ ఘడియ మంచిది. ఈ మూడోదానితో మనకు పని లేదు. అది గైబ్‌లో చెయ్యి పెట్టడం. మొదటి రెండూ ఇల్మ్. ఇల్మ్ ఎక్కడ దొరికినా మోమిన్ దాన్ని తీసుకోవాలి. ఒక గిన్నెలో బియ్యం, రాళ్లు కలిసి ఉంటే రాళ్లు ఏరి బియ్యం వండుకుంటాం గానీ గిన్నె ఎత్తి బయట పారబోయం కదా.

పరాయి ఇంటి రాళ్లు చూపించే ముందు మన జంత్రీలో రాళ్లు కూడా చూసుకోవాలి. సఫర్ నెలను తేరా తేజీ అని పేరు పెట్టి, పదమూడు రోజులు మన్‌హూస్ అని షాదీలు ఆపింది ఎవరు? తలగడ కింద గుడ్లు, నూనె పెట్టి తెల్లారి సద్‌ఖా ఇచ్చింది ఎవరు? ఖమర్ దర్ అఖ్‌రబ్ అని చాంద్ వృశ్చికంలో ఉన్న రోజుల్లో నికాహ్ పెట్టుకోనిది ఎవరు? సఫర్ నెలలో నహూసత్ లేదని ప్రవక్త (స.అ.స.) సాఫ్‌గా చెప్పిన తర్వాత కూడా ఇదంతా మన హైదరాబాదీ ఇళ్లలోనే నడిచింది. కొన్నిచోట్ల ఇంకా నడుస్తోంది. పొలం కోసం మిరుగం తారీఖు అడిగిన ముసలాయన మీద లేచిన గొంతు, మన దాదీల తేరా తేజీ మీద ఎందుకు లేవదు?

మరో సంగతి. ముసల్మానుకు హిజ్రీ క్యాలెండర్ చాలదా అని కొందరు పిల్లలు అడుగుతారు. ఇబాదత్‌కు చాలు. వ్యవసాయానికి చాలదు. హిజ్రీ సాల్ 354 రోజులు. ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 33 హిజ్రీ సాళ్లయితే గానీ 32 సూరజ్ సాళ్లు కావు. గుహవాసుల ముద్దత్ గురించి సూరహ్ కహఫ్‌లో మూడు వందలకు తొమ్మిది కలిపి చెప్పిన మాటకు, ఈ రెండు లెక్కల మధ్య తేడా అదేనని ముఫస్సిర్లు కొందరు వివరించారు. రమజాన్ ఎండాకాలంలోనూ వస్తుంది, చలికాలంలోనూ వస్తుంది. అందులో హిక్మత్ ఉంది. కానీ వరి రమజాన్‌తో పాటు నడవదు.

అంతెందుకు, షరీయతే మన చేతికి రెండు గడియారాలు ఇచ్చింది. డబ్బు మీద జకాత్ చాంద్ సాల్ నిండితే ఇస్తాం. పంట మీద ఉష్ర్ మాత్రం కోసిన రోజే ఇవ్వాలి. సూరహ్ అన్ఆమ్‌లో హుకుం అదే. వాన నీటితో పండితే పదో వంతు, నీళ్లు తోడి పెట్టి పండిస్తే ఇరవయ్యో వంతు. పైరు ఎప్పుడు చేతికొస్తుంది, వానతో వచ్చిందా బోరుతో వచ్చిందా అనే ఫికర్ లేనివాడు ఉష్ర్ ఎలా లెక్కేస్తాడు? ఊళ్లో పొలం కౌలుకిచ్చి ఇక్కడ ఫ్లాట్లలో ఉంటున్న మనలో ఎంతమందికి ఉష్ర్ అనే మాట గుర్తుంది? అబ్బా మరవలేదు. కంది ఇంటికి రాగానే ఆయన మొదట పక్కన పెట్టేది ఆ భాగమే.

మన పాదుషాలకు ఈ అవసరం తెలుసు. హిజ్రీ నెలల ప్రకారం శిస్తు వసూలు చేస్తే కొన్నేళ్లకు పంట కోతకు రాకముందే తహసీల్ సిపాయి గుమ్మంలో నిలబడేవాడు. అందుకే అక్బర్ జమానాలో ఫస్లీ సాల్ పుట్టింది. షాజహాన్ జమానాలో దక్కన్‌కు వచ్చింది. ఫసల్ అంటే పంట, పంట లెక్కన నడిచే ఏడాది. నిజాం రాజ్యంలో ఆజుర్, దై, బహ్మన్ అంటూ ఫార్సీ నెలల పేర్లతో దఫ్తరాలన్నీ దీని మీదే నడిచాయి. మన దగ్గర ఇంగ్లీషు సంవత్సరం నుంచి 590 తీసేస్తే ఫస్లీ వస్తుంది. జులై 2025లో మొదలైంది ఫస్లీ 1435. ఇది మ్యూజియం సామాను కాదు. పాత పహాణీ తీసి చూడండి, పైన రాసి ఉంటుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ చుట్టుపక్కల ఏ సర్వే నంబరు లింక్ డాక్యుమెంట్లు వెనక్కి తిప్పుకుంటూ పోయినా ఎక్కడో ఒకచోట జొన్నలకూ వరికీ రాసిన ఫస్లీ సాల్ దగ్గరికే చేరతాం.

మాటల్లో కూడా అంతే. ఖరీఫ్ అంటే అరబ్బీలో శరత్కాలం, రబీ అంటే వసంతం. ఆ పంటలు చేతికొచ్చే కాలాల పేర్లే పంటలకు పెట్టారు. ఆబీ, తాబీ, జమాబందీ, పహాణీ, చివరికి రైతు అనే మాట కూడా రఈయత్ నుంచి వచ్చిందే. ఇట్లా మన మాట రైతు నోట్లో కలిసింది, రైతు కార్తె మన నోట్లో కలిసింది. మృగశిర కార్తె నాడు చేపలు తినని ఇల్లు మా మొహల్లాలో లేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఆ రోజు బత్తిన కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం సంగతి వేరు. దాని మీద డాక్టర్ల అభ్యంతరాలు ఉన్నాయి, నేనూ ఆ క్యూకు ఎవర్నీ పంపను. కానీ మిరుగం నాడు మార్కెట్లో చేపల ధర ఎందుకు పెరుగుతుందో మా అమ్మీకి కూడా తెలుసు.

ఇదంతా పాత జ్ఞాపకాల మోజు అనుకుంటే పొరపాటు. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్, మన గచ్చిబౌలిలో పెద్ద క్యాంపస్ ఉన్న మైక్రోసాఫ్ట్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 2016లో ఒక ప్రయోగం చేశాయి. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజ్‌లు పంపారు. 1986 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు కంప్యూటర్‌కు ఇచ్చి విత్తే వారం తేల్చారు. సగటున 30 శాతం దిగుబడి పెరిగిందని ప్రకటించారు. మాషా అల్లాహ్, మంచి పని. కానీ ఆ కంప్యూటర్ జవాబిచ్చిన సవాల్ ఏది? మా అబ్బా నాష్తా దగ్గర అడిగిన సవాలే: ఎప్పుడు? రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఏటా రైతుల కోసం వేసే పుస్తకం పేరేమిటో తెలుసా? వ్యవసాయ పంచాంగం. విత్తనాల రకాలు, ఎరువుల మోతాదులు, తెగుళ్ల మందులు అన్నీ సైన్సే. పేరు మాత్రం పంచాంగం. రైతు చేతికి పోవాలంటే ఆ పేరు మీదే పోవాలని వాళ్లకు తెలుసు.

ఎందుకంత పట్టు దానికి? నాకు తోచింది చెప్తాను. మెసేజ్ ఒక్కడికి వస్తుంది, కార్తె ఊరందరికీ వస్తుంది. ఊరంతా ఒకే రోజుల్లో విత్తితే పురుగు ఒక్కడి చేను మీదే పడదు, పక్షులు ఒక్కడి గింజలే తినవు, కూలీలూ ట్రాక్టర్లూ వరుసగా దొరుకుతాయి. సామెత చదువురాని అవ్వ నోట్లో కూడా నిలుస్తుంది, దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు, రీచార్జ్ అక్కర్లేదు. ఇంకొకటి, వాన కోసం ఎదురుచూడటం చాలా కష్టమైన పని. అప్పు తెచ్చిన విత్తనాల సంచి ఇంట్లో ఉంటే ఒక్కో రోజూ కొండంత. ఆ ఎదురుచూపుకు మిరుగం, ఆరుద్ర, పునర్వసు అని పేర్లు పెట్టి మెట్లు కట్టింది పంచాంగం. ఈ మెట్టు మీద రాకపోతే తర్వాతి మెట్టు ఉంది అంటుంది. రైతు సబ్ర్‌కు అది చేతికర్ర.

చేతికర్ర దారి చూపించదు. అది కూడా చెప్పాలి. సూరజ్ చుక్కల లెక్కన ఒక చుట్టు తిరిగి వచ్చే ఏడాది, రుతువుల ఏడాది కన్నా సుమారు ఇరవై నిమిషాలు పెద్దది. ఇరవై నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ 72 ఏళ్లకు ఒక రోజు, వెయ్యేళ్లకు పద్నాలుగు రోజులు తేడా పడుతుంది. అంటే సరిగ్గా ఒక కార్తె. వెయ్యేళ్ల కింద ఎవరైనా మృగశిర మీద సామెత కట్టి ఉంటే, ఆ రుతువు ఇవాళ మన రోహిణిలోనే వచ్చేస్తోంది. దాని మీద ఇప్పుడు మౌసమే మారిపోతోంది. సామెత తారీఖు చెప్తుంది గానీ ఏ సాల్ అని చెప్పదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ తుగ్యానీ వచ్చింది హస్త కార్తెలో. 2020 అక్టోబర్ 13 రాత్రి మన హైదరాబాద్ మునిగింది చిత్త కార్తెలో. ఏటా హస్తా వస్తుంది, చిత్తా వస్తుంది. ఏటా ఊరు మునగదు. అది చెప్పడానికి రాడార్లు, శాటిలైట్లు కావాలి. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చినప్పుడు పంచాంగం చూసుకుంటూ కూర్చునేవాడు తవక్కుల్ చేసినట్టు కాదు, బేవకూఫీ చేసినట్టు.

మా ఇంటి చరిత్రలో రెండు సాళ్లు చెప్తాను. 2023లో మిరుగం పడగానే ఒక జల్లు వచ్చింది. అబ్బా కార్తె మాట నమ్మి పత్తి గింజ వేశారు. ఆ ఏడు రుతుపవనాలు కేరళకే జూన్ 8న వచ్చాయి, తెలంగాణను తాకేసరికి జూన్ 20 దాటింది. గింజ మాడిపోయింది. మళ్లీ కొన్నాం. 2025లో ఉల్టా అయ్యింది. రుతుపవనాలు మే 24నే కేరళకు, ఇంకో రెండు రోజులకే తెలంగాణకు వచ్చేశాయి. పెద్దోడు ఫోన్‌లో వార్త చూసి "దాదా, మాన్‌సూన్ వచ్చేసింది, ఇంకా మిరుగం కోసం ఎందుకు?" అని ఫోన్ మీద ఫోన్ చేశాడు. అబ్బా సగం చేను విత్తారు, మనవడి మాట కాదనలేక. తర్వాత జూన్‌లో వాన ముఖం చాటేసింది. ఆ సగం పోయింది. ఆరుద్రలో వేసిన మిగతా సగం మొలిచింది.

ఒక ఏడు కార్తె తప్పు, ఒక ఏడు ఫోన్ తప్పు అని నేను లెక్క చెప్పడం లేదు. వార్త అబద్ధం కాదు, వాన నిజంగానే ముందొచ్చింది. కార్తె తారీఖు కూడా అబద్ధం కాదు. రెండుసార్లూ మనం చూడనిది నేల. పత్తికి తేలిక నేలలో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే గింజ వేయమని శాస్త్రవేత్తలు ఏటా మొత్తుకుంటారు. రైతు భాషలో దాని పేరు పదును. తెలుగులో అదును, పదును అని జంటగా అంటారు. అదును అంటే వేళ. అది క్యాలెండర్ చెప్తుంది, పాతదైనా కొత్తదైనా. పదును మాత్రం మట్టి చెప్తుంది. పిడికిట్లో తీసుకుని ముద్ద చేసి చూస్తేనే చెప్తుంది. అదును దొరికింది కదా అని పదును చూడకుండా తొందరపడటమే రెండు సాళ్లలోనూ మనం చేసిన గల్తీ. కంప్యూటర్ చెప్పినా, కార్తె చెప్పినా, చివరి మాట మట్టిదే. ఆ మట్టిని తడిపేవాడు మాత్రం అల్లాహ్ ఒక్కడే.

అందుకే నా రాయ్ ఇది. మన ఇళ్లలో కార్తెల తారీఖులు ఉండనివ్వండి. పిల్లలకు సామెతలు నేర్పండి, అవి వాళ్ల దాదాల చెమట. రాశి ఫలాలు వదిలేయండి, తేరా తేజీ వదిలేయండి, రెండూ ఒకే తరాజూలో తూగేవి. వాతావరణ శాఖ సూచన చూడండి, పొలం చేసేవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి, కానీ అక్కడ నేల ఎంత తడిసిందో వాళ్లను అడిగి తర్వాత సలహా ఇవ్వండి. వాన ఆలస్యమైతే నమాజె ఇస్తిస్ఖా చదవండి. పంట చేతికొస్తే ఉష్ర్ తీయండి. దీన్ నేర్చుకుంటున్న మన పిల్లలకు ఒక్క విన్నపం: హదీసు తెలిసింది కదా అని పెద్దల మీద తీర్పు చెప్పకండి. వాళ్లు ఆ మాటను ఏ నియ్యత్‌తో అంటున్నారో ముందు అడగండి. ఇమామ్ షాఫయీ అంతటివాడే నియ్యత్ చూసి మాట్లాడాడు.

ఆ రోజు మగ్రిబ్ తర్వాత ఇదంతా పెద్దోడికి చెప్పాను. జైద్ బిన్ సాబిత్ రివాయత్ వాడే ఫోన్‌లో వెతికి చదువుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి అబ్బా గదిలోకి పోయి మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"దాదా, మాఫ్ చేయండి. మిరుగం జూన్ 8న. కానీ మీరు ఈసారి పదును చూసినంకనే వెయ్యాలె" అన్నాడు.

అబ్బా వాడి తల మీద చెయ్యి పెట్టి, "ఇన్షా అల్లాహ్ అను బేటా. అది మర్చిపోయినవ్" అన్నారు.